అసెంబ్లీ మెట్లు దిగి...

మన వైపు రాజకీయాల్లో "పైకి రావడం" అనేదానికి ఒక వరస వుంది. మొదట పంచాయతీ, ఆ తర్వాత జిల్లా పరిషత్తు, ఆ పైన శాసనసభ, జాతకం బావుంటే మంత్రి పదవి, ఇంకా బావుంటే ఢిల్లీ. ఈ మెట్ల మీద నిలబడ్డ మనిషి ఎప్పుడూ పై మెట్టు కేసే చూస్తుంటాడు. శాసనసభ్యుడుగా ఒక వెలుగు వెలిగినవాడు తిరిగొచ్చి జిల్లా పరిషత్తుకి నిలబడ్డాడంటే, "పాపం, టిక్కెట్టు ఇవ్వలేదు కాబోలు" అని జాలిపడతాం. మెట్లు దిగడమంటే మన లెక్కలో ఓడిపోవడమే.

అయితే తనంతట తను మెట్లు దిగి, దిగిన ప్రతి మెట్టు దగ్గరా ఇంకాస్త బలం కూడగట్టుకున్న ఒకావిడ వుంది. పేరు గ్లోరియా మొలీనా. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం, లాస్ ఏంజెలిస్ జిల్లా ఆవిడది. జిల్లాని వాళ్ళు కౌంటీ అంటారు. 1982లో రాష్ట్ర శాసనసభకి గెలిచింది. 1987లో శాసనసభ వదిలేసి నగర కౌన్సిల్‌కి వచ్చింది. 1991లో కౌన్సిల్ వదిలేసి కౌంటీ బోర్డుకి వచ్చింది. అక్కడ మాత్రం 2014 దాకా, అంటే దాదాపు 24 ఏళ్ళు, కదల్లేదు.

శాసనసభలో కూచుని రాష్ట్రం మొత్తానికి చట్టాలు చేసే అవకాశం వుండగా జిల్లా బోర్డులో ఏముందని వచ్చినట్టు? అది తెలియాలంటే ముందు ఆ బోర్డు సంగతి తెలియాలి.

లాస్ ఏంజెలిస్ అంటే మనకి హాలీవుడ్డే గుర్తొస్తుంది. కానీ ఆ కౌంటీలో లాస్ ఏంజెలిస్‌తో కలిపి 88 నగరాలున్నాయి. 2020 జనాభా లెక్కల్లో కోటి మంది పైచిలుకు తేలారు. ఈ కోటిమందిని ఏలే బోర్డులో సభ్యులు ఎంతమందనుకున్నారు? అక్షరాలా ఐదుగురు. ఆ ఐదుగురినీ "సూపర్‌వైజర్లు" అంటారు. ఆ మాట వినగానే మనకి రోడ్డు పని దగ్గర గొడుగేసుకుని, కూలీల వెనక నిలబడే మనిషి కళ్ళముందు మెదులుతాడు. అక్కడి సూపర్‌వైజరు అలాంటివాడు కాదు. మన జిల్లా పరిషత్ అధ్యక్షుణ్ణీ, కలెక్టరునీ, కొంచెం ఆర్థికమంత్రినీ కలిపి ఒకే కుర్చీలో కూచోబెడితే ఎలా వుంటుందో అలాంటివాడు. జిల్లాకి నియమాలు చేసేదీ వాళ్ళే, వాటిని నడిపించేదీ వాళ్ళే. పైన మేయరు లేడు. ఆస్పత్రులు, బీదల భృతి, తల్లిదండ్రుల దగ్గర్నించి తప్పించి వేరే ఇళ్ళలో పెంచే పిల్లలు, ఎన్నికల నిర్వహణ, గ్రంథాలయాలు, చివరికి అనుమానాస్పదంగా చనిపోయినవాళ్ళ శవపరీక్షలూ వాళ్ళ కిందే. జైళ్ళు చూసే షెరీఫ్‌ని జనం విడిగా ఎన్నుకుంటారు గాని, ఆయన డబ్బు సంచీ కూడా ఈ ఐదుగురి చేతిలోనే. గ్లోరియా పదవి దిగేనాటికి కౌంటీ ఏడాది ఖర్చు 2,500 కోట్ల డాలర్లు దాటింది. అందుకే అక్కడి జనం ఆ ఐదుగురికీ "ఐదుగురు చిన్న రాజులు" అని పేరు పెట్టారు.

ఇంకో చిన్న లెక్క చూడండి. 1980 జనాభా ప్రకారం కాలిఫోర్నియా శాసనసభ్యుడు ఒక్కొక్కరికీ మూడు లక్షల మంది. 1990 లెక్కల ప్రకారం ఈ కౌంటీలో సూపర్‌వైజరు ఒక్కొక్కరికీ 17 లక్షలు పైన. కాబట్టి గ్లోరియా "కింది" మెట్టు మీద కాలు పెట్టేసరికి తన వెనక వున్న జనం దాదాపు ఆరింతలయ్యారు. బయటినించి చూసేవాళ్ళకి అది దిగడం. లోపల సంగతి వేరు.

లెక్కలు అలా వుంచి, అసలు కథలోకి వద్దాం. ఈ కథ శాసనసభలో మొదలు కాలేదు. ప్రసూతి వార్డులో మొదలయింది.

గ్లోరియా 1948లో పుట్టింది. మెక్సికో మూలాలున్న కుటుంబం. తండ్రి ఇళ్ళు కట్టే పనుల్లో కూలి. పదిమంది పిల్లల్లో ఈవిడే పెద్దది. పదిమందిలో పెద్దాడపిల్ల అంటే దాని బతుకెలా వుంటుందో మన ఆడవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. చంకలో ఒక బిడ్డ, చేతిలో ఇంకో బిడ్డ, మధ్యలో చదువు. పంతొమ్మిదో ఏట తండ్రికి ప్రమాదం జరిగితే ప్లీడరు ఆఫీసులో ఉద్యోగానికి చేరి ఇంటి బరువు నెత్తికెత్తుకుంది. కాలేజీ చదువు ఆ వుద్యోగం వెనకాలే సాగింది. 1960ల చివర్లో మెక్సికన్ అమెరికన్ యువకులు హక్కుల కోసం వూరేగింపులు తీస్తున్న రోజులవి. వేదికల మీద మగపిల్లలు వుపన్యాసాలిచ్చేవారు, ఆడపిల్లలు కాగితాలు టైపు చేసి కాఫీలు అందించేవారు. ఇదేం న్యాయం అని ఆ ఆడపిల్లలే విడిగా "కొమిసియోన్ ఫెమెనిల్" అనే మహిళా సంఘం పెట్టుకున్నారు. 1973 ప్రాంతంలో ఆ సంఘానికి లాస్ ఏంజెలిస్‌లో మొదటి అధ్యక్షురాలు గ్లోరియా.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక ఘోరం బయటపడింది. వూరి తూర్పు వైపు మిట్ట మీద కౌంటీ వారి పెద్దాస్పత్రి వుంది. 1933లో తెరిచిన బ్రహ్మాండమైన తెల్లటి భవనం. బీదవాళ్ళకి, ముఖ్యంగా మెక్సికన్ కుటుంబాలకి అదే దిక్కు. కాన్పు కోసం అక్కడికి వెళ్ళిన ఆడవాళ్ళకి చాలామందికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసేశారు. పురిటి నొప్పులు పడుతుండగా, మత్తుమందు సూది చూపించి, ఇంగ్లీషులో రాసిన కాగితం ముందు పెట్టి సంతకం చెయ్యమన్నారు. ఆ తల్లులకి వచ్చింది స్పానిష్ ఒక్కటే. ఇది ముడి వేసే ఆపరేషనని, కావాలంటే తర్వాత విప్పుకోవచ్చని అనుకున్నవాళ్ళున్నారు. తనకి ఆపరేషన్ జరిగిన సంగతే చాన్నాళ్ళదాకా తెలియనివాళ్ళున్నారు. మళ్ళీ కడుపు పండలేదేమిటని డాక్టరు దగ్గరికి వెళ్తే అప్పుడు తెలిసింది. ఇదంతా చూసి వూరుకోలేక అదే ఆస్పత్రిలో పనిచేసే కుర్ర డాక్టరొకాయన రహస్యంగా కాగితాలు బయటికి చేరవేశాడు.

ఎమర్జెన్సీ రోజుల్లో, 1976-77లో, మన దేశంలో జరిగిన ఆపరేషన్లు 80 లక్షల పైమాటే. బీదవాళ్ళ ఒళ్ళంటే ఏలేవాళ్ళకి ఎంత చులకనో మనకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఇక్కడ పై నించి సంఖ్యలు పెట్టి తరిమారు. అక్కడ వార్డులో డాక్టర్లే తేల్చేశారు. అంతే తేడా.

1975లో పదిమంది తల్లులు కోర్టుకెక్కారు. వాళ్ళ తరఫున నిలబడ్డ ప్లీడర్లలో ఒకరు ఆంటోనియా హెర్నాండెజ్. అప్పటికి లా పట్టా చేతికొచ్చి నిండా రెండేళ్ళయినా లేదు. ఆ తల్లుల వెనక వాదిగా చేరిన సంఘం కొమిసియోన్ ఫెమెనిల్. "మాడ్రిగల్ వర్సెస్ క్విల్లిగన్" అనే ఆ కేసు తీర్పు 1978లో వచ్చింది. తల్లులు ఓడిపోయారు. డాక్టర్ల మనసులో చెడ్డ వుద్దేశం లేదనీ, ఒకరి మాట ఒకరికి అర్థంకాక జరిగిన పొరపాటనీ జడ్జిగారు తేల్చారు. పైగా ఈ తల్లులకి పిల్లలంటే విపరీతమైన మమకారం గల సంప్రదాయం వుండబట్టే ఇంత బాధ కలిగిందన్నట్టు కూడా రాశారు. కడుపు కోతకి కారణం కత్తి కాదట, కడుపు మీది మమకారమట!

కేసు ఓడినా గొడవ వృథా పోలేదు. ఆ ఆందోళన ఫలితంగానే ఒప్పుకోలు కాగితాలు స్పానిష్‌లో కూడా రావడం మొదలైంది. 1979లో ఫెడరల్ ప్రభుత్వం, తన డబ్బుతో జరిగే ఇలాంటి ఆపరేషన్లకి సంతకం పెట్టాక 30 రోజులు ఆగాలని నియమం పెట్టింది. అదే సంవత్సరం కాలిఫోర్నియాలో 1909 నించీ నడుస్తున్న నిర్బంధ వంధ్యీకరణ చట్టాన్ని రద్దు చేశారు. ఆ రద్దు బిల్లు పెట్టిన శాసనసభ్యుడు ఆర్ట్ టోరెస్. గ్లోరియా అంతకు ముందు ఆయన ఆఫీసులోనే పనిచేసింది. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇందులో గమనించాల్సిన సంగతొకటి వుంది. ఆ ఆస్పత్రి వాషింగ్టన్‌ది కాదు, రాష్ట్ర రాజధానిది కాదు, కౌంటీది. ఆ డాక్టర్లకి జీతమిచ్చేదీ, కాగితాలు అచ్చువేయించేదీ, వార్డులో మంచాలెన్నుండాలో చెప్పేదీ ఆ ఐదుగురు సూపర్‌వైజర్లు. ఆ ఐదుగురిలో ఆ తల్లుల జనానికి చెందినవాళ్ళు ఒక్కరూ లేరు. 1875 తర్వాత ఆ బోర్డులో మెక్సికన్ మూలాలున్న మనిషి కూచున్నదే లేదు.

గ్లోరియా మొదట వెళ్ళింది మాత్రం అటు కాదు. కార్టర్ అధ్యక్షుడుగా వుండగా వైట్‌హౌస్‌లో కొన్నాళ్ళు వుద్యోగం చేసింది. తర్వాత శాసనసభ స్పీకరు విల్లీ బ్రౌన్ దగ్గర పనిచేసింది. 1982లో టోరెస్ సెనేట్‌కి వెళ్తూ తన శాసనసభ స్థానం ఖాళీ చేశాడు. నేను నిలబడతానంది గ్లోరియా. పెద్దలందరూ సర్దిచెప్పారు: నీ వంతు ఇంకా రాలేదు, ఆడదానికి చందాలెవరిస్తారు, ఆడది గెలుస్తుందా అని. వాళ్ళు ముందే ఒక మగ అభ్యర్థిని ఖాయం చేసుకుని కూచున్నారు. ఈవిడ వినలేదు. మహిళా సంఘంలో తనతో పనిచేసిన ఆడవాళ్ళని కూడగట్టుకుని ఇంటింటికీ తిరిగి గెలిచింది. కాలిఫోర్నియా శాసనసభలో అడుగుపెట్టిన మొట్టమొదటి లాటినా స్త్రీ గ్లోరియా.

శాసనసభలో ఆవిడకి పెద్ద పరీక్ష జైలు రూపంలో వచ్చింది. 1985లో రాష్ట్ర ప్రభుత్వం లాస్ ఏంజెలిస్‌లో పెద్ద జైలు కట్టాలనుకుంది. చోటెక్కడ? గ్లోరియా నియోజకవర్గంలో, బీదవాళ్ళ ఇళ్ళ పక్కన. అక్కడివాళ్ళు నోరెత్తరన్న ధైర్యం. గ్లోరియా ఆ వార్త మోసుకుని వాడల్లోకి వెళ్ళింది. చర్చి నించి ఇంటికెళ్ళే తల్లులూ, అమ్మమ్మలూ కదిలారు. "తూర్పు లాస్ ఏంజెలిస్ తల్లులు" అని పేరు పెట్టుకుని, తలలకి తెల్ల రుమాళ్ళు కట్టుకుని వారం వారం వూరేగింపు తీశారు. ఆ పోరాటం ఏళ్ళ తరబడి సాగింది. 1992లో రాష్ట్రం ఆ జైలు ఆలోచన మానుకుంది.

ఈ జైలు తగువులో ఒక పాఠం వుంది. శాసనసభలో 80 మంది. గవర్నరు అవతలి పార్టీ. తన వీధిలో జైలు రాకుండా ఆపడానికి ఈవిడ 79 మందిని బతిమాలుకోవాలి. ఆ సభలో గ్లోరియాకి ఎప్పుడూ సరిపడలేదు. గదుల్లో కూచుని ఇచ్చిపుచ్చుకునే బేరాలు ఆవిడకి చేతకాలేదు, చేతనవ్వాలని కోరుకోనూ లేదు. అంతలో నగర కౌన్సిల్‌లో నియోజకవర్గాల హద్దులు అన్యాయంగా గీశారని ఫెడరల్ ప్రభుత్వం వేసిన దావా వల్ల ఒక కొత్త స్థానం ఏర్పడింది. 1987లో రాజధాని వదిలి ఇంటికొచ్చేసింది. ఆ కౌన్సిల్‌లోనూ మొదటి లాటినా ఆవిడే.

ఇక బోర్డు సంగతి. 1981లో ఆ ఐదుగురు రాజులూ తమ నియోజకవర్గాల హద్దులు తామే గీసుకున్నారు. కౌంటీలో లాటినోలు ఎక్కువగా వుండే ప్రాంతాన్ని ఒక్క ముక్కగా వుంచితే వాళ్ళ మనిషి గెలుస్తాడు. కాబట్టి ఉగాది పచ్చడిలో మామిడికాయ తరిగినట్టు తరిగి తలా కాస్తా కలిపేసుకున్నారు. దీని మీద 1988లో దావా పడింది. వేసిన సంఘాల్లో ముఖ్యమైనది మెక్సికన్ అమెరికన్ల న్యాయరక్షణ సంస్థ, మాల్డెఫ్. అప్పుడు దానికి అధిపతి ఎవరో తెలుసా? ఆంటోనియా హెర్నాండెజ్! పదేళ్ళ కిందట ఆ తల్లుల కేసు ఓడిపోయిన కుర్ర ప్లీడరు. 1990లో జడ్జి డేవిడ్ కెన్యన్ తీర్పిచ్చాడు. సూపర్‌వైజర్లు తమ కుర్చీలు కాపాడుకోవడానికి తెలిసి తెలిసీ లాటినోల ఓటుని విరగ్గొట్టారన్నాడు. హద్దులు మళ్ళీ గీయించాడు.

కొత్తగా గీసిన మొదటి నియోజకవర్గానికి 1991 ఫిబ్రవరిలో చివరి పోటీ జరిగింది. ఒకవైపు గ్లోరియా, ఇంకోవైపు ఆర్ట్ టోరెస్. ఒకప్పుడు వుద్యోగమిచ్చినాయనే! ఇద్దరూ ఒకే పార్టీ, ఒకే జనం, ఒకే బాధలు తెలిసినవాళ్ళు. గ్లోరియా గెలిచింది. 116 ఏళ్ళ తర్వాత ఆ బోర్డులో లాటినో మనిషి కూచోవడం అదే మొదలు. ఎన్నికలో గెలిచి ఆ బోర్డులోకి వచ్చిన తొలి స్త్రీ కూడా ఆవిడే. అంతకు ముందు 1979లో ఇవాన్ బ్రాత్‌వెయిట్ బర్క్ అనే నల్లజాతి స్త్రీని గవర్నరు నియమించాడు గాని, మరుసటేడు జరిగిన ఎన్నికలో ఆవిడ ఓడిపోయింది. ఆవిడా శాసనసభలోనూ, వాషింగ్టన్ కాంగ్రెస్‌లోనూ పనిచేసి దిగొచ్చిన మనిషే. 1992లో గెలిచి వచ్చి గ్లోరియా పక్క కుర్చీలో కూచుంది.

ఏ ఆస్పత్రి గుమ్మం బయట నిలబడి కేకలేసిందో, ఆ ఆస్పత్రికి ఇప్పుడు గ్లోరియా యజమానురాలు. కథయితే ఇక్కడ శుభం కార్డు వేసి అందరం లేచి ఇంటికెళ్ళిపోదుం. కానీ పదవి దక్కాకే అసలు సంసారం మొదలవుతుంది, పెళ్ళయ్యాక మొదలైనట్టు.

బోర్డు సమావేశాల్లో గ్లోరియా ప్రశ్నలడుగుతుంటే అధికార్లకి చెమటలు పట్టేవట. లెక్కలు సరిగ్గా చూసుకు రాకపోతే అందరి ముందూ నిలబెట్టి అడిగేది. పెద్ద అధికార్లు తమ పెన్షన్లు తాము పెంచుకున్న తీరునీ, ఆఫీసుల సోకులనీ వచ్చిన కొత్తల్లోనే బయటికి లాగింది. పదిమంది పిల్లల ఇంట్లో పెరిగిన పెద్దకూతురికి ప్రతి పైసా ఎటు పోయిందో అడగడం ఎవరు నేర్పాలి? మెత్తగా మాట్లాడ్డం రాదని పేరు పడింది. ఆ పేరు గురించి పెద్దగా దిగులు పడ్డట్టు లేదు.

1995లో పెద్ద గండం వచ్చింది. కౌంటీ ఖజానా ఖాళీ. లోటు పూడ్చడానికి పై అధికారి ఇచ్చిన సలహా ఏమిటంటే, ఆ మిట్ట మీది పెద్దాస్పత్రి మూసెయ్యమని! అన్యాయం జరిగిన చోటే, కానీ వేలమంది బీదలకి అది తప్ప వేరే చోటు లేదు. ఇలాంటి చిక్కు బయట నిలబడి కేకలేసేవాళ్ళకి రాదు, కుర్చీలో కూచున్నవాళ్ళకే వస్తుంది. అన్యాయం చేసిన ఇంటిని కూల్చెయ్యడం కాదు, ఆ ఇంట్లోనే న్యాయం జరిగేలా చూడడం ఆవిడ పని అయింది. చివరికి ఆ సెప్టెంబరులో అధ్యక్షుడు క్లింటన్ ప్రభుత్వం 36 కోట్ల 40 లక్షల డాలర్ల సాయం ప్రకటించి కౌంటీ వైద్యాన్ని నిలబెట్టింది. ఆస్పత్రి బతికింది.

బతికింది గాని పాతబడిపోయింది. 1994 భూకంపానికి దెబ్బతింది కూడా. కొత్తది కట్టాలి. ఎన్ని మంచాలతో? 750 కావాలని గ్లోరియా పట్టుబట్టింది. బోర్డులో ఎక్కువమంది 600 చాలన్నారు. 1997లో 600 అన్నదే నెగ్గింది. ఐదుగురిలో ఒకరికి ఇంకో ఇద్దరు కలిసి రాకపోతే ఎంత గొంతున్నా అంతే. కొత్త ఆస్పత్రి 2008లో తెరిచారు, ఆ 600 మంచాలతోనే. 150 మంచాల తేడా అంటే వినడానికి చిన్నదే. రాత్రంతా బల్ల మీద కూచుని మంచం కోసం ఎదురుచూసే రోగికి మాత్రం ఒక్క మంచం తేడా కూడా చిన్నది కాదు.

ఆవిడ చేసినవన్నీ మెచ్చుకోదగ్గవని కూడా అనను. మెక్సికన్ అమెరికన్ల చరిత్ర చెప్పే "లా ప్లాజా" అనే సాంస్కృతిక కేంద్రాన్ని నగరం నడిబొడ్డున ఎంతో పట్టుదలతో కట్టించింది. 2010 చివర్లో పునాదులు తవ్వుతుంటే పాత శ్మశానం బయటపడింది. వందమందికి పైగా మనుషుల ఎముకలు. అందులో ఆ నేల మీద మొదట బతికిన ఆదివాసుల వాళ్ళూ వున్నారు. మా పెద్దల్ని తవ్విపోస్తున్నారని వాళ్ళ వంశస్థులు వచ్చి మొత్తుకున్నాకే పని ఆగింది. ఎముకల్ని 2012లో మళ్ళీ పాతిపెట్టారు. ఒకప్పుడు తల్లుల మాట అధికార్లకి వినపడలేదని పోరాడిన మనిషి హయాంలోనే ఇంకొకరి మాట ఆలస్యంగా వినపడింది. కుర్చీకి ఆ గుణం వుంది. ఎవరు కూచున్నా కొంచెం చెవుడు తెప్పిస్తుంది.

2002లో ఓటర్లు సూపర్‌వైజర్లకి మూడు దఫాల గడువు పెట్టడంతో 2014లో గ్లోరియా దిగిపోయింది. ఆ కుర్చీలోకి వచ్చిన హిల్డా సోలిస్ కూడా రాష్ట్ర శాసనసభ నించీ, వాషింగ్టన్ నించీ దిగొచ్చిన మనిషే. ఒబామా మంత్రివర్గంలో కార్మిక శాఖ చూసి, ఆ తర్వాత జిల్లా బోర్డుకి వచ్చింది! చూశారా, ఆ వూళ్ళో మెట్లు దిగడం అలవాటైపోయింది. ఆ పైయేడు గ్లోరియా మళ్ళీ నగర కౌన్సిల్‌కి పోటీ చేసి ఓడిపోయింది. అప్పుడు గెలిచినాయన తర్వాత లంచాల కేసులో నేరం ఒప్పుకున్నాడు. 2024లో ఆయనకి 13 ఏళ్ళ జైలు శిక్ష పడింది. ఓటరు దేవుడే, కాదనను. దేవుడు కూడా ఒక్కోసారి కునుకు తీస్తాడు.

ఆ తల్లుల కథ మీద 2015లో "నో మాస్ బెబేస్" అనే డాక్యుమెంటరీ చిత్రం వచ్చింది. "ఇంక బిడ్డలు లేరు" అని ఆ స్పానిష్ మాటకి అర్థం. అప్పటికి వాళ్ళు తలలు నెరిసిన పెద్దవాళ్ళు. కెమెరా ముందు కూచుని, నలభై ఏళ్ళు కడుపులో దాచుకున్నది చెప్పారు. 2018 ఆగస్టులో కౌంటీ బోర్డు, హిల్డా సోలిస్ పెట్టిన తీర్మానం మీద, ఆ తల్లులకి క్షమాపణ చెప్పింది. కేసు ఓడిన 40 ఏళ్ళకి.

గ్లోరియా కూచున్న ఆ ఇరవై పైచిలుకు ఏళ్ళలో ఆ ఒక్క మాట రాలేదే అని బాధ కలగకపోదు. ఆవిడ మంచాల కోసం, డబ్బు కోసం, తలుపులు మూతపడకుండా వుండడం కోసం పోట్లాడింది. ఆస్పత్రి బతికి వుండబట్టే క్షమాపణ చెప్పడానికి ఒక గుమ్మం మిగిలింది, నిజమే. కానీ మందూ కావాలి, మాటా కావాలి. అన్నం పెట్టే చెయ్యి ఒకసారి తల నిమిరితే ఆ అన్నానికి వచ్చే రుచి వేరు. ఆ రెండో పని చెయ్యడానికి ఇంకో స్త్రీ రావలసి వచ్చింది.

పదవి పోయాక గ్లోరియా ఏం చేసిందనుకున్నారు? బొంతలు కుట్టింది! కుట్టుపని చిన్నప్పుడే ఇంట్లో అబ్బింది. తోటి ఆడవాళ్ళని పోగేసి తూర్పు లాస్ ఏంజెలిస్‌లో ఒక కుట్టు బృందం నడిపింది. మన అమ్మమ్మలు పాత చీరలు చింపి, పొరలు పరిచి కుట్టే బొంతకీ దీనికీ పెద్ద తేడా ఏం లేదు. పాత గుడ్డల్లో పనికొచ్చే ముక్క ఏదో చూడాలి, చిరుగున్న చోట రెండో పొర వెయ్యాలి, ఏళ్ళ తరబడి ఓపిగ్గా సూది గుచ్చుతూ పోవాలి. కౌంటీ పనీ అంతే కదా! చట్టం రాయడం పట్టు నేత లాంటిది, మెరుస్తుంది, ఫొటోలు తీస్తారు. జిల్లా పాలన బొంత లాంటిది. దాన్నెవరూ పండక్కి కట్టుకోరు. చలి రాత్రి కప్పుకోవడానికి మాత్రం అదే కావాలి.

కేన్సర్‌తో మూడేళ్ళు పోరాడి గ్లోరియా 2023 మే 14న తన 74వ ఏట కన్ను మూసింది. నగర మధ్యంలో 2012లో తన చొరవతో తెరిచిన పెద్ద పార్కుకి ఆ ఏడే ఆవిడ పేరు పెట్టారు. ఆ ఏడే పెద్దాస్పత్రికీ "లాస్ ఏంజెలిస్ జనరల్" అని కొత్త పేరు వచ్చింది. ఇక ఆ ఐదుగురు చిన్న రాజుల బోర్డులో 2020 డిసెంబరులో ఒక వింత జరిగింది. ఐదు కుర్చీల్లోనూ ఆడవాళ్ళే కూచున్నారు. రాజులనే పేరు ఇక చెల్లలేదు. ఐదుగురూ చాలరని, తొమ్మిదిమంది కావాలని 2024 నవంబరులో ఓటర్లు తీర్పిచ్చారు.

నీ వంతు ఇంకా రాలేదని పెద్దలు సర్దిచెప్పిన ఆడపిల్ల వాకిలి తీశాక వెనకాల ఇంతమంది నడిచారు. ఎవరైనా "అసెంబ్లీ వదిలి జిల్లా పరిషత్తుకొచ్చావా" అని జాలిపడితే ఈ సంగతి చెప్పండి. ప్రసూతి వార్డులో మంచం వుందా లేదా, చేతికిచ్చిన కాగితం మన భాషలో వుందా లేదా తేలేది ఆ కింది మెట్టు దగ్గరే.